నియాండర్ – ఒక అరుదైన జర్మన్ ఇంటిపేరు

పోటీ పరీక్షలకు తయారయ్యే వారందరికీ 'నియాండర్తల్ మానవుడు' అన్న మాట పరిచయమే. ఆ ఎముకలు ఏ దేశంలో దొరికాయి, ఏ సంవత్సరంలో దొరికాయి అని బిట్లలో అడుగుతుంటారు. మనం జవాబు గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్ళిపోతాం. కానీ ఆ మాటలో ఒక కుటుంబం ఇంటిపేరు ఉందనీ, ఆ ఇంటిపేరు వెనక చదువుకున్న మొదటి తరం వాళ్ళ కథ ఉందనీ చాలామందికి తెలియదు. ఎం.ఏ.లో మానవ పరిణామం పాఠం చదివేటప్పుడు మేము ఈ పేరు వెంటపడి తెలుసుకున్న సంగతులను, మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్ళతోనూ పూర్వ విద్యార్థులతోనూ పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎక్కడో జర్మనీలోని ఇంటిపేరుతో మనకేం పని అని అనుకోవచ్చు. "మీ ఇంటిపేరు ఏమిటి?" అని మనల్ని అడిగేవారిలో చాలామంది పేరు కోసం అడగరు. దాని వెనక ఉన్న కులం కోసం అడుగుతారు. ఇది హాస్టల్లో పెరిగిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే ఇంకో దేశంలో మామూలు కుటుంబాల వాళ్ళు తమ ఇంటిపేర్లతో ఎలా బతికారో, ఎందుకు మార్చుకున్నారో తెలుసుకోవడం మనకు పనికివచ్చే చదువే.

జర్మనీలో ఇంటిపేర్లు ఎలా పుట్టాయి?

ఒకప్పుడు జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాల్లో మనిషికి ఒకటే పేరు ఉండేది. 12వ శతాబ్దం నుంచి పట్టణాలు పెరిగాయి. ఒకే వీధిలో నలుగురు యోహానులు, ముగ్గురు పీటర్లు ఉంటే పన్ను ఎవరు కట్టారో, ఆస్తి ఎవరికి వస్తుందో రాసుకోవడం కష్టమైంది. దాంతో గుర్తు కోసం రెండో మాట చేర్చడం మొదలైంది. మొదట పట్టణాల్లో, తర్వాత పల్లెల్లో, 15వ శతాబ్దం నాటికి చాలా ప్రాంతాల్లో ఆ రెండో మాట తండ్రి నుంచి పిల్లలకు వచ్చే ఇంటిపేరుగా స్థిరపడింది.

ఈ పేర్లను పండితులు ఐదు రకాలుగా చెబుతారు. తండ్రి పేరు నుంచి వచ్చినవి ఒక రకం. వృత్తి నుంచి వచ్చినవి రెండో రకం. వచ్చిన ఊరి పేరు నుంచి పుట్టినవి మూడో రకం. ఇల్లు ఉన్న చోటు – వాగు పక్క, గుట్ట కింద – నుంచి వచ్చినవి నాలుగో రకం. మనిషి రూపం, గుణం, పరిస్థితి చూసి జనం పెట్టినవి ఐదో రకం.

వీటిలో వృత్తి పేర్లదే పెద్ద సంఖ్య. ఈనాటికీ జర్మనీలో ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్, అంటే పిండిమర నడిపేవాడు. తర్వాత ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే చేపలు పట్టేవాడు, వేబర్ అంటే నేతగాడు. మొదటి ఐదు పేర్లూ చేతిపని పేర్లే అన్నమాట. మన దగ్గర ఇంటిపేరు అసలు పేరుకు ముందు వస్తుంది, వాళ్ళకు చివర వస్తుంది. కానీ ఊరి పేరో పనో ఇంటిపేరు కావడం రెండు చోట్లా ఒకటే.

నోయ్‌మన్ నుంచి నియాండర్

జర్మన్ భాషలో 'నోయ్' అంటే కొత్త, 'మన్' అంటే మనిషి. వేరే చోటు నుంచి వచ్చి ఊళ్ళో స్థిరపడిన వాణ్ణి ఊరివాళ్ళు 'నోయ్‌మన్' అన్నారు. కొత్తగా వచ్చినవాడు అని అర్థం. బతుకుతెరువు కోసం ఊరు మారినవాళ్ళు ప్రతి ప్రాంతంలోనూ ఉంటారు కాబట్టి ఈ పేరు ఎన్నో చోట్ల విడివిడిగా పుట్టింది. ఈనాడు జర్మనీలో అతి ఎక్కువగా కనిపించే మొదటి ఇరవై ఇంటిపేర్లలో నోయ్‌మన్ ఒకటి. కంప్యూటర్ చరిత్రలో మనం చదివే వాన్ న్యూమన్ పేరు కూడా ఇదే, ఇంగ్లీషు ఉచ్చారణలో మనదాకా వచ్చింది.

ఇక నియాండర్ విషయానికి వద్దాం. గ్రీకు భాషలో 'నెయోస్' అంటే కొత్త, 'ఆనేర్' అంటే మనిషి. సమాసంలో 'ఆండ్ర్' అవుతుంది. ఈ రెండూ కలిపితే నియాండర్. అంటే నియాండర్ అన్నది నోయ్‌మన్ అనే జర్మన్ పేరుకు గ్రీకు అనువాదం. అర్థం ఒక్కటే, భాష మాత్రం వేరు. కానీ ఒకటి ఊరూరా వినిపించే పేరు, ఇంకొకటి వెతికితే గాని దొరకని పేరు. ఈ తేడా ఎందుకు వచ్చింది?

ఎందుకు మార్చుకున్నారు?

15, 16 శతాబ్దాల్లో యూరప్ విశ్వవిద్యాలయాల్లో పాఠం, వాదం, పుస్తకం అన్నీ లాటిన్ భాషలోనే సాగేవి. ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాల మీద గౌరవం బాగా పెరిగిన కాలం అది. కమ్మరి కొడుకో, నేతగాడి కొడుకో విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టి పండితుడు అయ్యాక, తన ఇంటిపేరును లాటిన్‌లోకో గ్రీకులోకో మార్చి రాసుకోవడం రివాజు అయింది.

ఉదాహరణలు చూడండి. ఖనిజ శాస్త్రానికి పితామహుడు అనిపించుకున్న అగ్రికోలా అసలు పేరు గెయోర్గ్ బావర్. బావర్ అంటే రైతు, లాటిన్‌లో అగ్రికోలా అన్నా రైతే. మార్టిన్ లూథర్ సహచరుడు మెలాంక్‌తన్ అసలు ఇంటిపేరు ష్వార్ట్స్ఎర్ట్, అంటే నల్లమట్టి. 1509లో, ఆయన ఇంకా చిన్న పిల్లవాడుగా ఉన్నప్పుడే, బంధువైన రాయిఖ్లిన్ అనే పండితుడు ఆ పేరును గ్రీకులోకి మార్చాడు. పటాలు గీసిన మెర్కేటర్ అసలు ఇంటిపేరు క్రేమర్, అంటే వర్తకుడు. మహాకవి గోథే తల్లి పుట్టింటి పేరు టెక్స్‌టర్. అదీ లాటిన్ మాటే, నేతగాడు అని అర్థం. ఆ కుటుంబం పూర్వపు పేరు వేబర్.

అంటే ఈ లాటిన్, గ్రీకు ఇంటిపేర్లలో చాలా వాటి మొదట్లో పెద్ద చదువు చదివిన ఒక మనిషి ఉంటాడు. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో కొద్దిమందే. అందుకే వేబర్లు లక్షల్లో ఉంటే టెక్స్‌టర్లు తక్కువ. నోయ్‌మన్‌లు ఊరూరా ఉంటే నియాండర్లు అరుదు. ఒక పేరు అరుదుగా ఉండటానికి కారణం ఆ వంశం గొప్పదనం కాదు. ఆ రోజుల్లో చదువు కొద్దిమందికే అందడం కారణం. మన ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మన తరమే మొదలు. కాబట్టి ఈ సంగతి మనకు త్వరగా అర్థమవుతుంది.

ఒకే పేరు, వేర్వేరు కుటుంబాలు

అరుదైన ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతానం అని మనం అనుకుంటాం. నియాండర్ విషయంలో అది నిజం కాదు. 16వ శతాబ్దంలో జొరావు పట్టణంలో పుట్టి, ఇల్ఫెల్డ్ మఠ పాఠశాలను ఏళ్ళ తరబడి నడిపిన మిఖాయేల్ నియాండర్ (1525–1595) ఒకరు. అదే కాలంలో యేనా విశ్వవిద్యాలయంలో గణితం, వైద్యం చెప్పిన మరో మిఖాయేల్ నియాండర్ ఇంకొకరు. వీరిద్దరూ వేర్వేరు ఊళ్ళవారు.

మూడో ఉదాహరణ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1789లో గ్యోటింగన్‌లో ఒక యూదు కుటుంబంలో డేవిడ్ మెండెల్ అనే బాలుడు పుట్టాడు. 1806లో క్రైస్తవం తీసుకుని, బాప్తిస్మం నాడు నియాండర్ అన్న పేరు పెట్టుకున్నాడు. ఆయనకు నోయ్‌మన్ అన్న పాత ఇంటిపేరు లేదు. 'కొత్త మనిషి' అన్న అర్థం కోసమే ఆ పేరు ఎంచుకున్నాడు. ఆ తర్వాత బెర్లిన్ విశ్వవిద్యాలయంలో సంఘ చరిత్ర ఆచార్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆయనే ఆగస్ట్ నియాండర్.

లోయకు ఎక్కిన పేరు

ఇక మన పాఠ్యపుస్తకంలోకి వచ్చిన నియాండర్ ఎవరు? ఆయన పేరు యోఆఖిమ్ నియాండర్. 1650లో బ్రెమెన్‌లో పుట్టాడు. ఇంటిపేరును నోయ్‌మన్ నుంచి నియాండర్‌గా మార్చింది ఆయన తాత. యోఆఖిమ్ 1674లో డ్యూసెల్డార్ఫ్‌లోని లాటిన్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా వెళ్ళాడు. ఊరికి దగ్గరలో డ్యూసెల్ అనే చిన్న నది సున్నపురాయి కొండలను కోసుకుంటూ పారే ఇరుకైన లోయ ఉంది. తరచూ అక్కడికి వెళ్ళి కీర్తనలు కట్టేవాడు, ప్రార్థన కూటాలు జరిపేవాడు. 1679లో తిరిగి బ్రెమెన్ వెళ్ళి, మరుసటి సంవత్సరమే, ముప్ఫై ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆయన కీర్తనలు మాత్రం నిలిచాయి. 19వ శతాబ్దంలో ఆ లోయను జనం ఆయన పేరుతో పిలవసాగారు. జర్మన్‌లో 'తాల్' అంటే లోయ. నియాండర్ లోయ కాబట్టి నియాండర్తాల్.

ఆ లోయలో సున్నపురాయి క్వారీలు వెలిశాయి. 1856 ఆగస్టులో ఒక గుహలోని మట్టి తోడుతున్న కూలీలకు ఎముకలు దొరికాయి. మొదట అవి గుహల్లో బతికిన ఎలుగుబంటివని అనుకున్నారు. ఎల్బర్‌ఫెల్డ్‌లో పాఠశాల ఉపాధ్యాయుడైన ఫూల్‌రాట్ వాటిని చూసి, ఇవి మనిషివే కానీ మనలాంటి మనిషివి కావని గుర్తించాడు. 1864లో విలియం కింగ్ అనే శాస్త్రవేత్త ఆ జాతికి 'హోమో నియాండర్తలెన్సిస్' అని పేరు పెట్టాడు. నిజానికి అలాంటి పుర్రెలు అంతకు ముందే బెల్జియంలోనూ, 1848లో జిబ్రాల్టర్‌లోనూ దొరికాయి. కానీ అవేమిటో అప్పుడు ఎవరూ గుర్తించలేదు. గుర్తింపు ఎక్కడ జరిగిందో పేరు అక్కడిదే నిలిచింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, సుమారు నలభై వేల ఏళ్ళ కిందట అంతరించిన పాత మనిషికి 'కొత్త మనిషి' అన్న అర్థమున్న పేరు వచ్చింది. రెండు, లోయలో నడిచిన కీర్తనకారుడి పేరు, ఎముకలను గుర్తించిన ఉపాధ్యాయుడి పేరు, జాతికి పేరు పెట్టిన శాస్త్రవేత్త పేరు చరిత్రలో ఉన్నాయి. పారతో ఆ ఎముకలను బయటికి తీసిన కూలీల పేర్లు మాత్రం చరిత్రకు ఎక్కలేదు.

మనకు కూడా ఇందులో వాటా ఉంది. 2010లో నియాండర్తల్ మనిషి జన్యుపటం తొలి రూపం వెలువడింది. ఈ పనికి నాయకత్వం వహించిన స్వాంటె పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆఫ్రికా బయటి ప్రజలందరిలోనూ, మన దేశ ప్రజలతో సహా, సుమారు 1 నుంచి 2 శాతం జన్యువులు నియాండర్తల్ మనుషుల నుంచి వచ్చినవే అని తేలింది. ఇందులో ఈ కులం ఆ కులం అన్న తేడా లేదు.

ఇంటిపేర్లను ఎలా లెక్కిస్తారు?

జర్మనీలో ఏ ఇంటిపేరు ఎక్కడ ఎంత ఉందో పండితులు టెలిఫోన్ డైరెక్టరీల ఆధారంగా లెక్కించారు. 2005 నాటి ల్యాండ్‌లైన్ కనెక్షన్ల వివరాలు తీసుకుని 'జర్మన్ ఇంటిపేర్ల అట్లాసు'ను తయారు చేశారు. అది 2009 నుంచి 2018 వరకు ఏడు సంపుటాలుగా వచ్చింది. ఆ వివరాల్లో సుమారు 8.5 లక్షల రకాల ఇంటిపేర్లు తేలాయి. 2005నే ఎందుకు తీసుకున్నారంటే, ఆ తర్వాత సెల్‌ఫోన్లు పెరిగి ల్యాండ్‌లైన్లు తగ్గిపోయాయి. ఒక కనెక్షన్ అంటే ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. కాబట్టి కనెక్షన్ల సంఖ్యను ఇంట్లో ఉండే సగటు మనుషుల సంఖ్యతో గుణిస్తే జనసంఖ్య అంచనా వస్తుంది.

ఈ లెక్కలో ముల్లర్ అన్న పేరు ఒక్కటే జనాభాలో ఒక శాతానికి దగ్గరగా ఉంటుంది. నోయ్‌మన్ మొదటి ఇరవైలో ఉంటుంది. నియాండర్ లాంటి పేర్లు పట్టికలో ఎక్కడో అడుగున ఉంటాయి. అంటే లక్షల రకాల పేర్లు ఉన్నా, జనం కొద్ది పేర్ల చుట్టూనే గుమిగూడి ఉంటారు.

అరుదైన పేర్లు ఎందుకు అంతరిస్తాయి?

దీనికి గణితంలో చక్కని జవాబు ఉంది. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ ప్రశ్న వేయగా, వాట్సన్ అనే గణితజ్ఞుడు జవాబు కట్టాడు. ఇంటిపేరు కొడుకుల ద్వారానే సాగుతుందని అనుకుందాం. వంద ఇళ్ళు, వంద వేర్వేరు ఇంటిపేర్లు, ఒక్కో ఇంట్లో ఒక్క మగవాడు. ప్రతి మగవాడికీ కొడుకులు లేకపోయే అవకాశం 25 శాతం, ఒక్క కొడుకు ఉండే అవకాశం 50 శాతం, ఇద్దరు కొడుకులు ఉండే అవకాశం 25 శాతం అనుకోండి. సగటున ఒక్కొక్కరికి ఒక్క కొడుకు. కాబట్టి జనాభా పెరగదు, తగ్గదు.

అయినా మొదటి తరం తర్వాత సుమారు 25 పేర్లు పోతాయి. రెండో తరానికి 39, మూడో తరానికి 48, నాలుగో తరానికి 55 పేర్లు పోతాయి. మనుషులు అంతేమంది ఉన్నా పేర్లు సగానికి పైగా తగ్గాయి! ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు, లెక్కే అలా నడిచింది. ఎక్కువ ఇళ్ళల్లో ఉన్న పేరుకు ఈ ప్రమాదం తక్కువ, ఒకటి రెండు ఇళ్ళల్లో ఉన్న పేరుకు ఎక్కువ. కూతురు కూడా పేరు నిలబెట్టగలిగితే లెక్క మారుతుంది. జర్మనీలో 1976 నుంచి భార్య ఇంటిపేరును కూడా కుటుంబ నామంగా ఎంచుకునే వీలు కలిగింది. 2025 మే నుంచి భార్యాభర్తలిద్దరి పేర్లు కలిపి పెట్టుకునే వీలూ వచ్చింది.

పేరు మనిషి చేతిలో, పేరు ప్రభుత్వం చేతిలో

నియాండర్లు తమ పేరును తామే మార్చుకున్నారు. తర్వాత ఆ స్వేచ్ఛ తగ్గింది. 1876 జనవరి 1 నుంచి జర్మనీ అంతటా జనన, వివాహ, మరణాలను ప్రభుత్వ రిజిస్టరులో రాయడం మొదలైంది. అందులో గుమాస్తా ఏ స్పెల్లింగ్ రాస్తే అదే స్థిరపడింది. 1901లో జర్మన్ స్పెల్లింగ్ నియమాలు మార్చి 'తాల్' అన్న మాటలో 'హెచ్' అక్షరం తీసేశారు. లోయ పేరు కూడా కొత్త పద్ధతిలోకి మారింది. కానీ శాస్త్రీయ నామం 1864లో రాసినది కాబట్టి అందులో 'హెచ్' నేటికీ ఉంది.

ఇదే అధికారం చెడ్డ చేతుల్లో పడితే ఏమవుతుందో కూడా ఆ దేశమే చూపించింది. 1938లో నాజీ ప్రభుత్వం యూదుల పేర్ల మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. తమ జాబితాలోని యూదు పేరు లేని పురుషులందరూ 'ఇజ్రాయెల్' అనీ, స్త్రీలందరూ 'సారా' అనీ అదనపు పేరు చేర్చుకోవాలని, అది 1939 జనవరి 1 నుంచి అమలు కావాలని శాసించింది. చూడగానే ఎవరో తెలిసిపోవాలన్నదే దాని ఉద్దేశం. ఒక పేరును మనిషి తానే పెట్టుకోవడానికీ, గుర్తుపట్టి వేరు చేయడానికి ఇంకొకరు అంటించడానికీ ఉన్న తేడా ఇదే.

మనం తెలుసుకోవలసింది

మన పూర్వ విద్యార్థుల్లో కొందరు ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించుకున్నారు. కొందరు పూర్తిగా వదిలేశారు. కొందరు గట్టిగా పూర్తి పేరే రాసుకుంటున్నారు. వీరిలో ఎవరినీ తప్పుపట్టవలసిన పనిలేదని ఈ చరిత్ర చదివాక మాకు అనిపించింది. బాబాసాహెబ్ కుటుంబం ఇంటిపేరు సక్పాల్. బడిలో రాయించిన పేరు అంబడవే అనే వాళ్ళ సొంత ఊరి పేరు మీద వచ్చింది.  అయితే ఒక మాట. నోయ్‌మన్ నియాండర్ అయినా అర్థం మారలేదు. బావర్ అగ్రికోలా అయినా రైతే. పాత పేరులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు కాబట్టే, దాన్ని పెద్ద భాషలోకి మార్చినప్పుడు కూడా అర్థాన్ని అలాగే ఉంచుకున్నారు.

చివరగా పదో తరగతి తమ్ముళ్ళకు ఒక ముఖ్య విషయం. జర్మనీ వాళ్ళకు 1876 రిజిస్టరు ఎలాంటిదో మనకు పదో తరగతి మెమో అలాంటిది. అందులో పడిన స్పెల్లింగే జీవితాంతం వెంట వస్తుంది. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడికి మెమోలో ఇంటిపేరు ఒక రకంగా, కుల ధృవీకరణ పత్రంలో ఇంకో రకంగా పడింది. ఒక్క అక్షరం తేడాకు ఒక ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగాడు, స్కాలర్‌షిప్ ఆ ఏడాది ఆలస్యమైంది. అందుకే నామినల్ రోల్స్ పంపే ముందు మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు ఆధార్‌తోనూ కుల ధృవీకరణ పత్రంతోనూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే అప్పుడే వార్డెన్ గారికో, హెడ్మాస్టరు గారికో చెప్పి దిద్దించుకోండి.

అలాగే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతనో నాయనమ్మనో కూర్చోబెట్టి మన ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పని చేసేవారు, ఆ పేరుతో ఇంకా ఎన్ని ఇళ్ళు ఉన్నాయి – ఒక నోటుబుక్కులో తారీఖు వేసి రాసుకోండి. నియాండర్ లోయ కూలీల పేర్లు రాసిపెట్టేవాళ్ళు లేక పోయాయి. మన ఇళ్ళల్లో ఇప్పుడు రాయడం వచ్చినవాళ్ళం మనం ఉన్నాం.